ఉమ్మకూడని చోటు

"పేగుల్లో పుండుకి నోట్లో ఏం పని గురువుగారూ?" అని నాతోపాటు వైద్యం నేర్చుకునే శేషగిరి అడిగేశాడు.

మా గురువు సూరప్ప వైద్యులు, కడుపు పట్టుకుని ఎవరొచ్చినా ముందు నోరు తెరవమనేవారు. శేషగిరికి ఆ అలవాటంటే విసుగు. గురువుగారు ఊళ్ళో లేని నెలలో కోదండానికి తనే మందిచ్చాడు, నోరు చూడకుండా. రక్తవిరేచనాలు వారం ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి.

కోదండం గుడిలో నాదస్వరం వాయించేవాడు. అతను వాయిస్తుంటే గాలి కూడా ఆగి వింటున్నట్టు ఉండేది నాకు. అలాంటివాడు పోయిన ఉత్సవంలో, పల్లకీ నడివీధిలో ఉండగా, వాద్యం బావమరిది చేతిలో పెట్టి పొలాల్లోకి పరుగెత్తాడు. మరోసారి అలా జరిగితే కొలువు వేరేవాళ్ళకిస్తామన్నారు గుడివాళ్ళు. ఈసారి ఉత్సవానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

ఆ పొద్దున గుడి నుంచి నాదస్వరంతోనే వచ్చిన అతను మా అరుగు మీద కూర్చోలేడు, నిలబడలేడు. చూపంతా దొడ్డి వైపే. శేషగిరి మందుల పెట్టె తెరుస్తాడు, మూస్తాడు.

"మోతాదు పెంచనా గురువుగారూ?"

"పెంచయ్యా! ఈసారి నా పరుగుకి సరిగ్గా డోలు కొడతానంటున్నాడు మా బావమరిది," అన్నాడు కోదండం.

గురువుగారు నవ్వలేదు. "కాస్త వాయించు," అన్నారు.

"ఇప్పుడా అయ్యా?"

"ఇప్పుడే."

అతను వాయించాడు. ఆ పాటలో నేను ఎక్కడికో వెళ్ళిపోయాను. తేరుకునేసరికి గురువుగారు నాదస్వరం అందుకుని, పెదాల మధ్య పెట్టుకునే పీకను తెల్లని ఉత్తరీయం కొసతో తుడుస్తున్నారు. కొస ఎర్రబడింది.

"చిగుళ్ళు ఎన్నాళ్ళుగా కారుతున్నాయి?"

"ఏడాది దాటింది. వాయించేవాడికి మామూలే అనుకున్నా."

"ఉమ్మవేం?"

కోదండం చెవులు పట్టుకున్నాడు. "స్వామి ఎదుట ఉమ్మనా? మింగేస్తా. ఇప్పుడు ఇంట్లోనూ అదే అలవాటైపోయింది."

శేషగిరి చేతిలో పెట్టె మూత అలాగే ఉండిపోయింది.

"నీ మందు ఆపకు," అన్నారు గురువుగారు శేషగిరితో. "చిగుళ్ళకీ ఈ రోజే మొదలుపెట్టు. మింగిన ఆ చెడునెత్తురే పేగుల్లో పుండుని మాననివ్వడం లేదు." కోదండం వైపు తిరిగి, "ఈ ఉత్సవానికి నువ్వు వాయించవు. నీ చోటు నీకే ఉంచమని గుడివాళ్ళని నేను అడుగుతాను," అన్నారు.

కోదండం ఏదో అనబోయి, కడుపు పట్టుకుని దొడ్లోకి పరుగెత్తాడు.

ఆ అడుగుల చప్పుడు ఆగాక గురువుగారు నెమ్మదిగా అన్నారు:

"నెల రోజులు అతని పాట విన్నావు శేషగిరీ. పాట బయటికొచ్చింది. తక్కినది ఎటు పోతోందో అడిగావా?"