కళాయి దస్తగిరి గడియారం

ఊఁ కొడుతూ వినండి. ఊఁ ఆగిందా, కథా ఆగుతుంది. తర్వాత నన్ను అనొద్దు.

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, నీళ్ళు పారే వంక పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో దస్తగిరి అని ఒక కళాయివాడు. పగలంతా ఇంటింటి గిన్నెలకూ కళాయి పూసేవాడు. పని తీరాక పంచలో కూర్చుని గడియారాలు చేసేవాడు. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు! ఒకసారి సంతలో పాడైన గడియారం దొరికింది, విప్పి చూశాడు, ఇక ఆ పిచ్చి వదల్లేదు. చిల్లుపడిన బిందెల ఇత్తడి కోసి చక్రాలు చేసేవాడు. ఆకురాయితో ఒక్కో పన్నూ అరగదీసేవాడు.

"నీ నోట్లో పళ్ళే నిలవడం లేదు, ఇత్తడికి పళ్ళు పెడతావా?" అని పెళ్ళాం హుసేనమ్మ ఎగతాళి చేసేది.

ఆ ఊరి చేలకు నీళ్ళంటే వంక మీది తూము ఒక్కటే. తూము దగ్గర ఒక నీళ్ళతొట్టి, తొట్టిలో తేలుతూ, అడుగున సన్నటి బెజ్జమున్న రాగిగిన్నె. గిన్నె మెల్లగా నిండి మునుగుతుంది. మునగగానే నీళ్ళు పంచే నీరుగంటి కంచుపళ్ళెం మీద ణంగుమని కొడతాడు. ఒక చేని వంతు అయిపోయింది, నీళ్ళు పక్క చేనికి మళ్ళించాలి. పొద్దున పైచేలతో మొదలు. కిందికొసకు వచ్చేసరికి సాయంత్రం. పొద్దు గూకిందా, తూము మూసేస్తారు. ఆ కొసనే సుంకమ్మ చేను. మొగుడు లేని మనిషి. ఆ చేనే ఆమెకు కూడు.

ఒక ఏడు నీరుగంటి ఆ గిన్నె తెచ్చి, "చిలుమెక్కింది దస్తగిరీ, మెరిసేట్టు పూయి" అన్నాడు. పూశాడు. తళతళా మెరిసింది.

అప్పటినుంచి దస్తగిరికి స్థిమితం లేదు. ఒక్కో వంతుకూ గంట కొట్టే తన గడియారాన్ని ఎప్పుడూ ఆ పళ్ళెం మోతతోనే సరిచూసుకునేవాడు. ఇప్పుడేమో గడియారం ముందు, పళ్ళెం వెనక. "తప్పు నా పనిలోనే ఉంది" అనుకున్నాడు. ఊగే గుండును కాస్త దించాడు. గడియారం ముందు, పళ్ళెం వెనక. చక్రాల పళ్ళు మళ్ళీ అరగదీశాడు. గడియారం ముందు, పళ్ళెం వెనక. ఇరుసులన్నీ మార్చాడు. ఊహూఁ! గడియారం ముందు, పళ్ళెం వెనక.

ఒకనాడు సుంకమ్మ పంచ ముందునుంచి పోతూ నిలబడింది.

"అన్నా, ఈ మధ్య పొద్దు తొందరగా గూకుతోందా ఏంది? నా చేను తడవకముందే తూము మూస్తున్నారు. పైరంతా ఎండిపాయె. దేవుడికి నామీద ఏం కోపమో!"

దస్తగిరి ఆకురాయి కింద పెట్టేశాడు. మర్నాడు పళ్ళేన్ని వదిలి పొద్దుతో సరిచూశాడు. గడప మీది గీతకు నీడ వచ్చినప్పటినుంచి, మళ్ళీ మర్నాడు ఆ గీతకే వచ్చేదాకా. గుండును మొదట ఉన్నచోటికే ఎత్తి చూస్తే గడియారమే సరి. మరి గిన్నె ఎందుకు ఆలస్యం? అప్పుడు తట్టింది. పూసిన కళాయి బెజ్జంలోకి దిగింది!

"ముల్లు తీసుకుపోయి చప్పుడు కాకుండా పొడిచి రాపో. ఎవరికి తెలుస్తుంది?" అంది హుసేనమ్మ.

"నేను చేసిన పనికి సుంకమ్మ దేవుడి కోపమనుకుంటోంది హుసేనా. అదెట్లా మింగేది?"

తూము తెరిచే నీళ్ళ రోజున గడియారాన్ని నెత్తిన పెట్టుకుని తూము దగ్గరికి పోయాడు. ఊరంతా అక్కడే ఉంది. పైచేల నాగిరెడ్డి కస్సుమన్నాడు.

"గిన్నె మా తాతలనాటిది. నీ ఆటబొమ్మ మాట మేం వినాలా?"

"వినొద్దు రెడ్డీ. చూడండి చాలు."

చూశారు. గడియారం ముందు, పళ్ళెం వెనక. దస్తగిరి గిన్నె అందుకుని, తుమ్మముల్లు బెజ్జంలో దూర్చి తిప్పాడు. ఆవగింజంత కళాయి ముక్క రాలింది. గిన్నెను మళ్ళీ నీళ్ళలో వదిలారు. ఈసారి గడియారమూ పళ్ళెమూ ఒక్కసారే మోగాయి.

"ఈ బెజ్జం పూడ్చింది నేనే" అన్నాడు దస్తగిరి, అందరూ వినేట్టు.

సుంకమ్మ అతనివైపే చూస్తూ, "నా నోటికాడి కూడు తీసింది నువ్వా అన్నా?" అంది.

"నేనే తల్లీ."

ఆమె ముఖం తిప్పుకుని పోయింది. మళ్ళీ అతనితో మాట్లాడలేదు.

దస్తగిరి గడియారాన్ని తూము దగ్గరే వదిలేశాడు. ప్రాణంగా చేసుకున్న వస్తువు, ఇచ్చేశాడు. ప్రతి నీళ్ళ రోజూ వచ్చి కీ ఇచ్చి పక్కనే కూర్చునేవాడు. ఎండలో వచ్చాడు. వానలో వచ్చాడు. జ్వరంతోనూ వచ్చాడు. సుంకమ్మ చేను తడిసిందని కళ్ళారా చూశాకే లేచేవాడు. ఆమె మాత్రం ఎదురుగా నడిచిపోయినా పలకరించేది కాదు. ఆ ఏడు పడ్డ పస్తులు ఆమెకు తెలుసు, మనకేం తెలుసు?

ఒక నీళ్ళ రోజున దస్తగిరి రాలేదు. గడియారం ఆగి ఉంది. తెల్లవారుజామున పోయాడని కబురొచ్చింది.  కీ ఇవ్వడానికి ఎవరికీ, నాగిరెడ్డికి కూడా, చెయ్యి ముందుకు రాలేదు.

కిందికొసనుంచి సుంకమ్మ నడిచి వచ్చింది. కీ ఇచ్చింది. గుండును ఊపింది. అతను కూర్చునే రాయి పక్కనే పొద్దుగూకేదాకా కూర్చుంది. తన చేను తడిశాక లేచి, ఆ రాయితో అంది.

"నా చేను తడిసింది అన్నా. ఇక ఇంటికి పో."

అని బావురుమంది.

ఈనాటికీ అక్కడ తూము తెరిచేముందు గిన్నె బెజ్జంలో తుమ్మముల్లు తిప్పుతారు. గడియారానికి కీ ఇచ్చేది కిందికొస చేనివాళ్ళే. సాయంత్రం పొద్దు గూకినా సరే, కొసచేని మనిషి వచ్చి ఆ రాయి ముందు నిలబడి, "చేను తడిసింది అన్నా, ఇక ఇంటికి పో" అనాలి. ఆ మాట వినబడేదాకా తూము మూయడానికి ఎవరూ చెయ్యి వెయ్యరు.