చిలక జవాబులు, గాడిద తప్పులు

నల్లకొండ అడవి ఆఫీసులో పెద్ద గుహ ఉంది. గుహ నిండా అడవి దస్త్రాలు దాచే సర్వర్లు. పదేళ్లుగా వాటిని కంటికి రెప్పలా కాస్తున్నది మన గాడిద. ఓ రోజు సింహం గారు ఆవలిస్తూ హుకుం జారీ చేశారు.

"దసరాకి గుహ మూసేస్తున్నాం. దస్త్రాలన్నీ క్లౌడ్‌కి పోతాయి. అంటే ఎక్కడో దూరాన అద్దె యంత్రాల్లో ఉంటాయన్నమాట. ఆ పని తెలిసినవాళ్లు ఏనుగమ్మకి ఇంటర్వ్యూ ఇవ్వండి. మిగతావాళ్లు మీ దారి మీరు చూసుకోండి."

గాడిదకి ఈ ఉద్యోగం పోతే మళ్లీ మూటలు మోయడమే గతి. మూటల మాట తలుచుకుంటేనే దానికి నడుం పట్టేస్తుంది.

ఇలాంటి వాళ్ల కోసమే కోచింగ్ సెంటర్ పెట్టుకుని కాచుక్కూచుంది నక్క.

"ఏం తమ్ముడూ, మొహం వేలాడేశావ్?"

"మూణ్ణెల్లుగా క్లౌడ్ నేర్చుకుంటున్నా బావా, సగం కూడా రాలేదు. గుహలో చేసిన అనుభవం పనికొస్తుందంటావా?"

"గాడిద గుడ్డు పనికొస్తుంది! గుహ మాటెత్తావో, గుమ్మంలోనే గెంటేస్తారు. క్లౌడ్‌లో అయిదేళ్లు చేశానని రాసెయ్. ఇంటర్వ్యూ వీడియో కాల్లోనే కదా, మా చిలక ఫోన్ వెనకాల కూచుని జవాబులు చెబుతుంది. నువ్వు మూతి ఆడించు చాలు."

"అది మోసం కదూ?"

"అబ్బో, హరిశ్చంద్రుడి మనవడు! అయితే మూటలు మొయ్."

గాడిద నడుం నిమురుకుంది.

"చిలక జవాబులతో ఉద్యోగం వస్తే మాత్రం, ఏడాదిపాటు నన్ను వీపు మీద ఎక్కించుకుని అడవంతా తిప్పాలి," అంది నక్క. గాడిద సిగ్గుపడుతూనే తలూపింది.

ఇంటర్వ్యూలో ఏనుగమ్మ అడిగింది. "సర్వర్ పడిపోతే ఏం చేస్తావు నాయనా?"

చిలక అందుకుంది. "లోడ్ బ్యాలెన్సర్, ఆటో స్కేలింగ్..." అంతలో గాడిద ముక్కు మీద ఈగ వాలింది. గాడిద నోరు మూసుకుంది, చిలక మూసుకోలేదు.

"మూతి ఆగినా మాట ఆగదేం?" అంది ఏనుగమ్మ. "పైగా పొద్దుట్నుంచి ఈ జవాబు వినడం నాలుగోసారి. సరే, ఇది చెప్పు. నీ చేతిలో ఎప్పుడైనా ఏదైనా పాడైందా?"

"లేదండీ! నా అయిదేళ్ల అనుభవంలో ఒక్కటీ పాడవలేదండీ!" అని మళ్లీ అందుకుంది చిలక.

గాడిదకి ఒళ్లు మండిపోయింది. సర్వర్లతో వేగినవాడెవడైనా ఆ మాటంటాడా? ముందుకాలితో ఒక్కటిచ్చి చిలకని పక్కకి నెట్టింది.

"బోలెడు పాడయ్యాయమ్మా! ఓసారి బ్యాకప్ నకలు ఉందని ధీమాగా కూచున్నా. తీరా తెరిస్తే ఖాళీ. కుందేళ్ల పుట్టుకల చిట్టా మొత్తం గల్లంతు. ఎవరు ఎవరి పిల్లలో తేల్చలేక చచ్చాను. అప్పట్నుంచి వారం వారం బ్యాకప్ తెరిచి, పని చేస్తుందో లేదో చూస్తున్నా. మొన్న మళ్లీ రాసిన ఆ చిట్టానే క్లౌడ్‌లో పెట్టి, ఎవరైనా చూసేలా తలుపు బార్లా వదిలేశా. గంటలో పట్టుకుని మూశాననుకోండి. అయిదేళ్లన్నది అబద్ధం. మూణ్ణెల్లే."

ఏనుగమ్మ పగలబడి నవ్వింది. "గుహైనా క్లౌడైనా పడిపోయేది పడిపోతుంది నాయనా. చూసుకునేవాళ్లే కావాలి. ఉద్యోగం నీదే. మూతి ఆడించినందుకు మాత్రం నెలరోజులు నా పక్కనే కూచుని నేర్చుకో. క్లౌడ్ తాళాలు తర్వాతే."

మర్నాడు నల్ల కళ్లజోడు పెట్టుకుని నక్క దిగింది. "వంగు తమ్ముడూ, ఎక్కుతా."

"చిలక జవాబులతో వస్తే కదా బావా ఒప్పందం? నాకొచ్చింది నా తప్పులతో. ఎక్కాలనుంటే చిలక వీపెక్కు."

నక్క తలెత్తి చూసేసరికి చిలక కొమ్మ మీంచి తుర్రుమంది. "నా అయిదేళ్ల అనుభవంలో నక్కల్ని మోయలేదండీ!"

నీతి: అరువు తెచ్చుకున్న ఒప్పు కన్నా, సొంతంగా చేసి దిద్దుకున్న తప్పే కూడు పెడుతుంది.