సేదరేవులో కాళ్లు చాపుకుని కూర్చున్న అమ్మ

మడ అడవుల మధ్య నుంచి సముద్రానికి సాగే ఉప్పుటేరు చివరి మలుపు తిరిగే చోట సేదరేవు ఉన్నది. బస్సు దిగిన చోటు నుంచి ఏటిగట్టు మీద కోసున్నర దూరం నడవాలి. పోటు వేళ గట్టుకు రెండు వైపులా నీరే కనిపిస్తుంది. పాటు వేళ ఆ నీరంతా సముద్రానికి తీసిపోయి, బురదలో మడవేళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. గట్టు దిగువన పెంకుల కప్పు వేసిన చిన్న గుడి, లోపల నల్లరాతి అమ్మవారు. చేతిలో కత్తీ త్రిశూలమూ లేవు. రెండు కాళ్లూ ఏటివైపు బారచాపి, అరచేతులు తొడల మీద పెట్టుకుని, తల కాస్త వాల్చి, ఎంతో దూరం నడిచి వచ్చిన ఆడమనిషి చతికిలబడినట్టుగా ఉంటుంది. మొగానికి పసుపు కుంకుమలు పెడతారు గాని మోకాళ్ల నుంచి పాదాల వరకు రోజూ ఏటి ఒండ్రే పూస్తారు. ఈ తల్లి పేరు సేదమ్మ. కొత్తగా వచ్చిన భక్తులు ఆమె కూర్చున్న తీరు చూసి కారణం అడుగుతారు. పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ పాతిక గడపల పల్లెకారుల ఊరు ఉండేది. ఒక ఏడు ఉప్పెన వచ్చి పడవలన్నింటినీ ఊడ్చుకుపోయింది. మళ్లీ పడవ కట్టే సత్తువ ఎవరికీ లేకపోయింది. అప్పటినుంచి ఊరంతా గట్టువేట మీదనే బతికింది. పాటు మొదలుకాగానే మోకాటి లోతు బురదలో దిగి, విసురువలలు వేసి రొయ్యలు పట్టేవారు.

ఆ ఊరిలో పేర్రాజు చెయ్యి మంచి చెయ్యి. అతను విసిరిన వల పళ్లెం బోర్లించినట్టు గుండ్రంగా పడేదట. ఉప్పెన నాడు ఇంటి దూలం మీద పడి అతని కుడి భుజం నలిగిపోయింది. ఎముక అతికింది గాని చెయ్యి మళ్లీ చెవి దాకా లేవలేదు. మూడు నెలలు చూసి, అతని భార్య సూరాలమ్మ చూరుకు వేలాడుతున్న వల కిందికి దించింది. ఇంటి వెనుక ఇసుకలో పేర్రాజు కాలితో ఒక సున్న గీసేవాడు. ఆమె అందులో పడేలా వల విసిరేది. మొదట్లో వల ముద్దలా పడేది. అంచున ఉన్న సీసపు గుళ్లు తన మడమలకే తగిలి రక్తం కారేది. పేర్రాజు చూడలేక తల తిప్పుకునేవాడు. తరువాత మళ్లీ తిరిగి, మోచేతి మీద ఎన్ని మడతలు వేసుకోవాలో, నడుము ఎప్పుడు తిప్పాలో చెప్పేవాడు.

ఆడది విసురువల ముట్టరాదని ఆ ఊరి కట్టు. ఊరిపెద్ద ఓలేసు పేర్రాజుకు పెదనాన్న వరస. కాదంటే ఇంట్లో పొయ్యి వెలగదని తెలిసి, కట్టును కొంచెం సడలించాడు. మగవాళ్లు వేసే రేవుల్లో దిగకూడదని, చిప్పలమలుపులో మాత్రమే వేసుకోవాలని చెప్పాడు. ఆలుచిప్పలకు వలలు చిరుగుతాయని ఆ మలుపు వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. సూరాలమ్మ సరేనన్నది.

అప్పటినుంచి ఆమెకు పగలూ రాత్రీ పోయి, పోటూ పాటూ మాత్రమే మిగిలాయి. పాటు మొదలైతే ఏట్లో ఉండాలి. పోటు మొదలైతే రొయ్యలు తట్టలో పోసుకుని మెరక ఊళ్లకు నడవాలి. తిరిగి వచ్చి వంట, నీళ్లు, చిరిగిన వలకు ముడులు. పేర్రాజు ఎడమచేత్తో, పళ్లతో దారం పట్టుకుని సగం ముడులు వేసేవాడు. మిగిలిన సగం ఆమె వాకిట గుంజకు ఆనుకుని నిలబడి వేసేది. తిండి కూడా నిలబడే తినేది. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని ఆమె భయం. ఆ సంగతి పేర్రాజుకు ఎన్నడూ చెప్పలేదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. అయిదో ఏట ఏటి ముఖద్వారంలో ఇసుక మేట వేసింది. పోటు నీరు సరిగా లోపలికి రాలేదు. నీటితో రావలసిన రొయ్య కూడా రాలేదు. ఇసుకను ఎవరూ తప్పుపట్టలేదు. ఆడదాని చెయ్యి తగిలి ఏరు అలిగిందన్నారు. ఓలేసు ఒకనాటి సాయంత్రం కర్ర ఊతంతో పేర్రాజు వాకిటికి వచ్చాడు. అతనికి అరవై దాటాయి. రెండు మోకాళ్లూ వాచి ఉన్నాయి. మాఘ అమావాస్య పాటు ఆఖరిదని, ఆ పూట వేట అయ్యాక వల తనకు ఇచ్చేయాలని చెప్పాడు. ఆ మాటలో కోపం లేదు. ఊరివాళ్లకు జవాబు చెప్పి చెప్పి విసిగిన మనిషి గొంతు అది. ఎదురు చెప్పడానికి కావలసిన ఓపిక కూడా సూరాలమ్మ దగ్గర లేదు.

అమావాస్య నాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పాటు సగం తీసింది. సూరాలమ్మ పదకొండుసార్లు వల వేసింది. దోసెడు రొయ్యలు పడ్డాయి. గట్టు వారన మెరకగా ఉన్న చోట పరిచిన తాటాకు చాప మీద వాటిని పోసి వచ్చి, పన్నెండోసారికి వల మడతలు వేసుకుంటుండగా, సముద్రం వైపు నుంచి ఒక ఆడమనిషి బురదలో నడిచి రావడం కనిపించింది. నడివయసు మనిషి. మోకాళ్ల దాకా ఒండ్రు. ఒక్కొక్క అడుగూ పీక్కుని పీక్కుని వేస్తున్నది. ఆ నడక సూరాలమ్మకు బాగా తెలిసిన నడక. ఎవరని అడగాలని కూడా తోచలేదు. వల భుజం మీద వేసుకుని చాప దగ్గరకు వెళ్లి, రొయ్యలను బుట్టలోకి ఎత్తి, తడి తుడిచి, చాప ఆమె వైపు జరిపింది.

"కూకో తల్లీ. చాలా దూరం నడిచినట్టున్నావు" అన్నది.

ఆ మనిషి కూర్చుని కాళ్లు చాపుకుంది. సూరాలమ్మ తనకోసం తెచ్చుకున్న గంజి ముంత ఆమె చేతికి ఇచ్చింది. ఆమె సగం తాగి, ముంత పక్కన పెట్టి, సూరాలమ్మ వైపు తిరిగింది.

"నాకు ఎదురుపడ్డవాళ్లంతా ఏదో ఒకటి అడిగినవాళ్లేనే పిల్లా. కూకోమన్నదానివి నువ్వొక్కదానివే. మరి నువ్వెప్పుడు కూకుంటావు?"

"పాటు అయిపోయాక."

"పాటు రోజుకు రెండుసార్లు వత్తాది గదే."

"అవునమ్మా" అన్నది సూరాలమ్మ.

ఆ తల్లి చాప మీద కాస్త జరిగి పక్కన చోటు చూపించింది. మిగిలిన గంజి తాగమన్నది. ఇది ఆఖరి పాటు అని చెప్పబోయి, సూరాలమ్మ చెప్పలేకపోయింది. కూర్చున్నది. కాళ్లు చాపుకున్నది. నాలుగేళ్లుగా కాళ్లలో దాగి ఉన్న నొప్పి అంతా ఒక్కసారి పైకి వచ్చింది. కంటి వెంట నీరు కారింది. ఏడుస్తూనే ఆ తల్లి భుజానికి తల ఆనించి నిద్రపోయింది.

నిద్రలో ఆ తల్లి మాట వినిపించింది. తాను ఇక లేవనని, ఈ మలుపులోనే ఉంటానని, తన ఎదుట ఎవరూ నిలబడి మొక్కకూడదని, ముందు కూర్చుని కాళ్లు చాపుకుని సేదతీరిన తరువాతే చేతులు జోడించాలని చెప్పింది.

పాదాలకు చల్లగా నీరు తగిలి సూరాలమ్మ మేలుకున్నది. పొద్దు వాలింది. పోటు మొదలైంది. ఎదురుగా పేర్రాజు, ఓలేసు నిలబడి ఉన్నారు. పక్కన ఆ తల్లి లేదు. తన తల ఆనిన చోట నల్లరాయి ఉన్నది. అదే కూర్చున్న తీరు, అవే చాపిన కాళ్లు, మోకాళ్ల దాకా అదే ఒండ్రు. ఆఖరి పాటు నిద్రలో పోయిందని సూరాలమ్మకు తెలిసింది. లేవబోయింది. కాళ్లు లేవలేదు. జరిగినదంతా కూర్చునే చెప్పింది.

ఓలేసు ఆ రాతిని చూశాడు. దాని పక్కన ఖాళీ గంజి ముంతను చూశాడు. కర్ర కింద పెట్టి, వాచిన మోకాళ్లు పట్టుకుని మెల్లగా బురదలో కూర్చుని, అమ్మవారి ఎదుట కాళ్లు చాపాడు. పేర్రాజు కూడా కూర్చున్నాడు. మోకాళ్ల మీదికి నీరు వచ్చేదాకా ముగ్గురూ అలాగే కూర్చున్నారు. లేచేటప్పుడు సూరాలమ్మ తడిసిన వల తీసి పెద్దాయనకు అందించింది.

ఆయన వల అందుకోలేదు. "నీ దగ్గరే ఉండనియ్యమ్మా. ఊరికి నేను చెప్పుకుంటాను" అన్నాడు.

మరునాటి నుంచి పాటు నీరు ఆ రాతి కాళ్లను చుట్టి పారి, ముందు ఒక గుండం తవ్వింది. నీరు తీసేటప్పుడు రొయ్యలు ఆ గుండంలో నిలిచేవి. గంపలకొద్దీ పడ్డాయని ఎవరూ చెప్పరు. ఊరు వలస పోకుండా నిలబడింది, అంతే. సూరాలమ్మ ఆ తరువాత పంతొమ్మిదేళ్లు వల వేసింది. ఆమె కాళ్ల నొప్పి తగ్గలేదు. కాని ప్రతి పాటు మధ్యలో గట్టు మీద కూర్చునేది. ఆమె కూర్చున్నంతసేపు పేర్రాజు ఎడమచేత్తో వల తాడు పట్టుకుని నీళ్లలో నిలబడేవాడు.

అమ్మవార్ల ఎదుట కాళ్లు చాపడం ఎక్కడైనా అపచారమే. ఈ రేవులో చాపకపోవడం అపచారం. మాఘ అమావాస్య నాడు తొలివల ఆడవాళ్లే వేస్తారు. ఆ పూట గంజి కాచి, ముంతల్లో పోసి గట్టు మీద పంచడం మగవాళ్ల పని. బాలింతలు, బరువులు మోసేవారు, రోగులకు సేవ చేసి నలిగినవారు ఎక్కువగా వస్తారు. ఈ తల్లి సంపదలు ఇస్తుందని గుడివారు చెప్పరు. సేదతీర్చి పంపుతుందని మాత్రం చెబుతారు. ఇప్పటి పూజారిణి ఆ సూరాలమ్మ వంశపు ఆడపడుచే. గోత్రనామాలు అడగదు. వచ్చినవారి కాళ్ల వంక ఒకసారి చూసి, చాప జరిపి, "కూకోండి, ముందు కాసిన్ని గంజి తాగండి" అంటుంది.