నక్క తెచ్చిన తిప్పతీగ

బొల్లి అనే మేకకు ఆరేళ్లు. ఏ ఆకునైనా తిరగేసి చూశాకే నోట పెడుతుంది.

ఆమె ఉండే దొడ్డికి చుట్టూ తుమ్మకంప కంచె. అక్కడ ఒక ఆచారం ఉంది. పిల్ల పుడితే కంచె మీదికి తిప్పతీగ పాకిస్తారు. ఆ పిల్ల పాలు మానేదాకా తీగను ఎవరూ కొరకకూడదు. బొల్లి ఆడపిల్లను ఈనిన మర్నాడే నక్క ఒక తీగముక్క కరుచుకొచ్చి, కంచె అవతల నాటి, చెల్లెలి బిడ్డకు మేనమామ కానుక అన్నాడు. నక్క వినయాలకు దొడ్డిపెద్ద గెడ్డంపోతు కరిగిపోయాడు.

వానలు పడ్డాయి. చూస్తుండగానే తీగ కంచెనంతా పరుపులా కప్పేసింది. తిప్పతీగకు ఇంత తొందర ఎక్కడిదని బొల్లి మూతి ఆనించి చూసింది. ఆకు తమలపాకులాగే ఉంది. కానీ అంచున రంపపు పళ్లున్నాయి. కంచె ముల్లు మాత్రం మూతికి తగల్లేదు.

"పెద్దయ్యా, తిప్పతీగకు కణుపుకు ఒక్క ఆకే. దీనికి రెండు, ఎదురెదురుగా. ఇది మన తీగ కాదు. మన ముళ్లను మింగేస్తోంది."

"బాలింతవి, అన్నీ అనుమానాలే. ఆడదాని బుద్ధి అపరబుద్ధి అని ఊరికే అన్నారా?"

"అన్నది మగాళ్లే కదా."

ఆచారం తప్పితే తల్లీపిల్లా దొడ్డి బయట పడుకోవాల్సి వస్తుందని గెడ్డంపోతు గెడ్డం ఊపాడు.

నక్క రోజూ వచ్చి, తీగ మందం తడిమి చూసి, "మేనకోడలు ఒళ్లు చేసిందా చెల్లెమ్మా?" అని అడిగి పోయేవాడు. పిల్లకు పేరేం పెట్టారని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం గెడ్డంపోతు కునుకు తీస్తుంటే, బొల్లి వెనక్కాళ్ల మీద లేచి, లోపలివైపు నుంచి తీగలన్నీ కొరికి వదిలింది. బయటికి పచ్చదనం చెక్కుచెదరలేదు.

పొద్దువాలే వేళ నక్క వచ్చి, తీగలు పట్టుకుని పైకి ఎగబాకాడు. తీగ లాగితే డొంకంతా కదలాలి. ఇక్కడ డొంక కదల్లేదు. తీగే ఊడి జారింది. కింద దాగిన తుమ్మముళ్లు నక్క పొట్టలో దిగాయి.

"చెల్లెమ్మా, కాస్త లాగవే."

"నువ్వు తెచ్చిన తీగ ఉందిగా అన్నయ్యా, దాన్నే పట్టుకో."

కానుక పుచ్చుకునేటప్పుడు తెచ్చినవాడి వినయం కాదు, కానుక కణుపులు చూడాలి.

మర్నాడు బొల్లి ఆ తీగను వేళ్లతో సహా పెరికి, దొడ్డి గుమ్మంలో దొడ్డిపెద్దగా గెడ్డంపోతు పడుకునే చోట తాను పడుకుంది.