ఉప్పుబండ దగ్గర అడిగిన ప్రశ్న

“ఈ గట్టు లోపల ఉన్నంతసేపు ఏ దుప్పి మీదా నా బాణం పడదు. వేట గట్టు బయటే. ఇది తిమ్మరాయుడి మాట.”

అనగనగా ఒక కొండపాలెం. ఆ పాలేనికి తిమ్మరాయుడు దొర. అడవి అంచున ఉన్న తన చిన్న చేనులో, ఉప్పుబండ మీద కుడిచెయ్యి ఆనించి, ఒక సాయంత్రం ఆయన పలికిన మాట అది. చేను కాపలా మనిషి అంకమ్మ ఒక్కతే విన్నదనుకున్నాడు దొర. పొదల్లో చెవులు నిక్కించి దుప్పులు కూడా విన్నాయి.

దొరకు వేటంటే ప్రాణం. అడవంతా తిరిగే ఓపిక మాత్రం లేదు. అందుకే దుప్పులే తన దగ్గరికి వచ్చేలా ఆ చేనును సిద్ధం చెయ్యమన్నాడు. అదేమంత పెద్దది కాదు. తమలపాకు నమిలేలోగా చుట్టి రావచ్చు. అంకమ్మ అందులో ఉలవలు చల్లి, కొయ్యకుండా వదిలేసింది. పల్లంలో గుంట తవ్వి వాననీరు నిలిపింది. నడుమ ఉన్న బండ మీద దుప్పులు నాకడానికి ఉప్పు పోసింది. ఈనిన దుప్పులు పిల్లల్ని దాచుకోవడానికి ఉత్తరాన పొదలు నరక్కుండా ఉంచింది. చుట్టూ గట్టు పోసి, అడవి వైపు ఒక్క దారి విడిచింది.

దున్నేవాడిదే నేల అన్న మాట ఆ రోజుల్లో ఇంకా పుట్టలేదు. కనుక నేల దొరది, చాకిరీ అంకమ్మది. కూలి ఒక గుడిసె, పూటకింత గంజి.

ఆమెకొక పిలుపు ఉండేది. పొద్దు వాలే వేళ ఉప్పుబండ పక్కన నిలబడి, నాలుకను అంగిలికి కొట్టి “ద్దో… ద్దో…” అని సాగదీసేది. దుప్పులు మొదట్లో బెదురుతూ వచ్చాయి. తర్వాత తర్వాత తల్లి పిలిచినట్టే వచ్చాయి. ఉలవ మేసి, ఉప్పు నాకి, నీళ్లు తాగి, గట్టు దాటగానే పరుగు అందుకునేవి. అక్కడ దొర విల్లు పట్టుకుని ఉండేవాడు. ఒక్కోరోజు దొర గెలిచేవాడు. చాలా రోజులు దుప్పులు గెలిచేవి. ఆ పోటీలో అన్యాయమేమీ అంకమ్మకు కనిపించలేదు.

ఏళ్లు గడిచాయి. దొరకు పొట్ట పెరిగింది, మోకాళ్లు అరిగాయి, ఓడిపోవడం మీద విసుగు పుట్టింది. గట్టు లోపలే, ఉప్పుబండకు ఎదురుగా, ఎత్తుగా ఒక మంచె కట్టించాడు. ఎందుకని అంకమ్మ అడిగితే, అడవి అందం చూడటానికి అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె పిలిచింది. దుప్పులు వచ్చాయి. మంచె మీంచి బాణం వచ్చింది. నాలుక బండ మీద ఉండగానే కొమ్ముల దుప్పి ఒకటి కూలింది.

చెయ్యి జారిందన్నాడు దొర. ఇంకెప్పుడూ అలా జరగదన్నాడు. అంకమ్మ నమ్మింది. నమ్మకపోతే గుడిసె ఉండదు.

రెండోసారి పిలిచినప్పుడు చూలు దుప్పి పడింది. ఈసారి దొర చెయ్యి జారిందని కూడా అనలేదు.

“మాట ఇచ్చింది బతికున్నవాటికి అంకమ్మా. పడిపోయినదానికి మాటతో ఏం పని?” అని నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే, పొగమంచులో, అంకమ్మ చేనికి వెళ్లింది. పిలవకుండానే రెండు దుప్పులు వచ్చి బండ పక్కన నిలబడి ఉన్నాయి. మేయడం లేదు. చెవి కదపడం లేదు. రెండూ మంచె వైపే చూస్తున్నాయి. ఒకదాని డొక్కలో బాణం ఉంది. రెండోదాని కాళ్ల మధ్య, ఇంకా కళ్లు తెరవని పిల్ల ఒకటి ఉంది.

ఎండ పడగానే అక్కడేమీ లేదు. ఉలవాకుల మీద మంచుబొట్లు చెదరలేదు. మట్టిలో డెక్క గుర్తు లేదు. ఉప్పుబండ మాత్రం నాకినట్టు తడిగా ఉంది.

కార్తీక పౌర్ణమి వచ్చింది. మర్నాడు పక్కపాలెం దొర విందుకు వస్తున్నాడు. తిమ్మరాయుడు అడవి వైపు దారికి, వచ్చినవి మళ్లీ బయటికి పోలేకుండా లోపలికి వంచిన ముళ్లకంప కట్టించి, దుప్పుల్ని పిలవమని అంకమ్మకు చెప్పాడు.

“పిలవను దొరా.”

“ఏమే, గంజి ఎక్కువైందా?”

“మీ మాట బండ మీద పెట్టారు. నేను దాన్ని గొంతులో పెట్టుకుని పిలిచాను. మీది మీరు తీసేసుకున్నారు. నాది తీసుకోవడం నాకు చేతకాదు.”

గుడిసె ఖాళీ చెయ్యమన్నాడు దొర. ఆ కూత ఇన్నేళ్లుగా వింటున్నానని, తనకూ వచ్చని అన్నాడు. అంకమ్మ కుండ చంకన పెట్టుకుని గట్టు దాటింది. కాళ్లు సాగక అక్కడే కూర్చుంది.

పొద్దు వాలింది. దొర మంచె ఎక్కి “ద్దో… ద్దో…” అన్నాడు. అచ్చం ఆమె పిలుపే. కీచురాళ్లు ఆగిపోయాయి. అంకమ్మ వీపుకు వెచ్చని ఊపిరి తగిలింది. బతికున్న దుప్పులన్నీ ఆమె వెనకే నిలబడ్డాయి. ఒక్కటీ కదల్లేదు.

చేనులోకి మాత్రం వచ్చాయి.

కంపలో ఒక్క ముల్లు కదల్లేదు, అయినా వచ్చాయి. ముందు పడిపోయిన రెండూ. వాటి వెనక, అవి బతికుంటే పుట్టవలసిన పిల్లలు. ఆ పిల్లలకు పుట్టవలసిన పిల్లలు. కళ్లు మూసుకుని, లేతకాళ్ల మీద తూలుతూ, చేను పట్టనంతగా వచ్చి మంచె చుట్టూ నిలబడ్డాయి. దొర బాణం వేశాడు. అది కొమ్ముల దుప్పి గుండా పోయి ఉప్పుబండకు తగిలి విరిగింది.

కొమ్ముల దుప్పి తలెత్తింది. “దొరా, ఒక సందేహం. ఇది గట్టు లోపలా, బయటా?”

లోపల అంటే, మాట తప్పానని ఒప్పుకోవాలి. బయట అంటే, బయట వేట ఉంది. ఆ సాయంత్రం వేటాడే కొమ్ములు దుప్పులవే.

ఆలోచించుకోవడానికి గడువు కావాలన్నాడు దొర. గడువు అడగడం దొరలకు కొత్త కాదు. వచ్చే కార్తీక పౌర్ణమి దాకా దుప్పి ఇచ్చింది.

దొర మంచె దిగి ఇంటికి బయల్దేరాడు. తమలపాకు నమిలేలోగా చుట్టి రాగల చేను అది. అంకమ్మ చూస్తూనే ఉంది. ఆయన ఎటు నడిచినా ఉప్పుబండ దగ్గరికే వస్తున్నాడు. వెన్నెల పరుచుకునేదాకా నడుస్తూనే ఉన్నాడు. తర్వాత కనిపించలేదు. మర్నాడు పనివాళ్లకు మంచె కింద దొర చెప్పులు మాత్రం దొరికాయి.

అంకమ్మ కొండ అవతల మరో బండ చూసుకుని దాని మీద ఉప్పు పోసింది. అక్కడ గట్టు లేదు, మంచె లేదు. బతికున్న దుప్పులు ఆమె వెంటే వెళ్లాయి. పాత చేనులో ఇప్పటికీ పొద్దు వాలితే “ద్దో… ద్దో…” అని మగ గొంతు వినిపిస్తుంది. ఎవరైనా వచ్చి తనను బయటికి తీసుకుపొమ్మన్నట్టు ఉంటుంది.

నమ్మి దగ్గరికొచ్చినవాళ్లకు ఇచ్చిన మాటకు లోపల ఒక అర్థం, బయట ఒక అర్థం ఉండవు. ఆ మాట మింగినవాడు ఏ పాలెం దొరైనా సరే, ఏ మంచె మీద కూర్చున్నా సరే, జవాబు చెప్పి తీరాలి. గడువు వచ్చే కార్తీక పౌర్ణమి.