రాగి కప్పు మెరుపు

కంచరుల వీధిలో భద్రాచారి అనే పనివాడు ఉండేవాడు. చేతి నేర్పు గొప్పదే గానీ, నలుగురూ మెచ్చుకోనిదే అతనికి ముద్ద దిగేది కాదు.

అతని ఇంటికి తాత వేసిన రాగిరేకుల కప్పు ఉండేది. ఎన్నో వానలకు తడిసి అది నల్లబడింది, ఆపైన పచ్చగా కిలుము పట్టింది. ఇంట్లో మాత్రం ఒక్క చుక్క పడలేదు. అయినా దాన్ని చూస్తే భద్రాచారికి తల కొట్టేసినట్టుండేది. ఊరి బిందెలన్నీ తళతళలాడించేవాడి ఇంటి మీద కిలుమా! పైకెక్కి చింతపండూ ఇసుకా పెట్టి కప్పంతా తోమాడు. ఎండలో అది నిప్పులా మెరిసింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆ చూపుల రుచి మరిగాడు. ఇక కాస్త మసకేస్తే చాలు, నిచ్చెన వేసేవాడు.

"పప్పులోకి లేని చింతపండు కప్పు మీదికి వస్తుంది!" అని భార్య మాణిక్యమ్మ దెప్పేది. "ఆ కిలుము రేకుకి చొక్కా లాంటిదని మీ తాతగారు అనేవారట. తోమితే అరగదూ? అంత పైకెక్కినవారు వాననీళ్ళు పోయే చూరుకాలువలో ఆకులైనా తీయరేం?"

"ఆకులు కింద నుంచి ఎవరికి కనబడతాయే!" అని భద్రాచారి నవ్వేవాడు.

కొన్నేళ్ళకు కూతురు గౌరి పురిటికి వచ్చింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత ఉంది. "చెమ్మ తగలనిచ్చారో, బిడ్డ దక్కదు," అని మంత్రసాని హెచ్చరించింది.

మర్నాడే ముసురు పట్టింది. కాలువ ఆకులతో పూడిపోయి నీళ్ళు కప్పు మీదే నిలిచాయి. అరిగిన రేకులు చిల్లులు పడ్డాయి, అతుకులు విడిపోయాయి. మంచం మీదికి ధార దిగింది. గౌరి బిడ్డను గుండెకు అదుముకుని మూల నుంచి మూలకు జరిగింది.

"నాన్నా, ఎక్కడ కూర్చోమంటావు?"

భద్రాచారి కారని చోటు కోసం ఇల్లంతా వెతికాడు.

ఎదురింటి పోలమ్మ గొడుగుతో పరుగెత్తుకొచ్చింది. "పిల్లని ఇటు తెండి, ఆచారిగారూ! మా తాటాకిల్లు మెరవదు గానీ, కురవదు."

అప్పటికే చెమ్మ తగిలి బిడ్డకు జలుబుతో రొమ్ము పట్టేసింది. పాలు సరిగా తాగలేదు. భద్రాచారి పోలమ్మ అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి వచ్చే ఆ సన్నని ఊపిరే వింటూ ఉన్నాడు. నాలుగైదు రోజులకు బిడ్డ తేరుకుని కడుపునిండా పాలు తాగింది. అప్పుడు లేచి వెళ్ళి పాత కప్పు విప్పాడు. బొటనవేలితో నొక్కితే రేకు అప్పడంలా విరిగింది.

కొత్త రేకులు తనే సాగగొట్టాడు. అంచులు ఒకదానిలో ఒకటి మడిచి బిగించాడు. తరువాత ఆ కప్పును తోమలేదు. ఏటా తొలకరికి ముందు పైకెక్కి ఆకులు తీసేవాడు, అతుకులు తడిమి చూసేవాడు. కప్పు మెల్లగా నల్లబడింది. దాని కేసి ఎవరూ తలెత్తి చూడలేదు. దాని కింద మనవరాలు హాయిగా నిద్రపోయేది.

నలుగురూ మెచ్చే మెరుపు కాదు, ఎవరి కంటా పడని జాగ్రత్తే ఇంటిని కాపాడుతుంది.