మోచేతి కింద చెయ్యి

అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడే జవాబు చెప్పే అలవాటు వసుంధర గారికి లేదు. చేతులు స్వాధీనంలో లేని పిల్లలకు తినడం, తొడుక్కోవడం, తల దువ్వుకోవడం నేర్పే థెరపీ కేంద్రానికి ఆవిడే పెద్ద దిక్కు. శిక్షణకు కొత్తగా చేరిన కిన్నెర ఒకరోజు, "మేడమ్, ఒక పాప దగ్గర మన పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

"మధ్యాహ్నం హంసిని పక్కన కూర్చో," అని మాత్రం అన్నారావిడ.

హంసిని ఏడేళ్ల పిల్ల. పుట్టినప్పటినుంచీ వేళ్లు దాని మాట వినవు. తన అన్నం తాను తింటేనే సాయంత్రం దాకా ఉంచుకుంటామని బడివాళ్లు తెగేసి చెప్పారు. తల్లి నాగరత్నం బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. రోజూ మధ్యాహ్నం వచ్చి తినిపించి వెళ్లడం కుదిరే పని కాదు. పిల్ల చదువంతా ఆ కంచం దగ్గరే ఆగిపోయింది.

వసుంధర గారు ఏ పనైనా చివరి మెట్టుతో మొదలుపెట్టి వెనక్కి నేర్పుతారు. కంపెనీకి కొన్నాళ్లు సెలవు పెట్టి వచ్చి, మొదట్లో తల్లే అన్నం కలిపి, ముద్ద చేసి, పిల్ల వేళ్లలో పెట్టి, ఆ చేతిని నోటిదాకా తెచ్చేది. నోట్లో పెట్టుకోవడం ఒక్కటే హంసిని వంతు. తిన్నానన్న గొప్ప పిల్లకే దక్కాలని ఆవిడ పట్టుదల. తరువాత చెయ్యెత్తడం, ముద్ద చేయడం, కలుపుకోవడం ఒక్కొక్కటే అప్పగించారు. పెరుగన్నం జారిపోతుందని ముద్దపప్పే తెప్పించేవారు. చివరికి మోచేతి కింద ఆసరాగా ఒక చెయ్యి మిగిలింది. ఆ రోజు ఆ చెయ్యి కిన్నెరది.

హంసిని పప్పన్నం కలిపింది. కంచంలో ఎంత కలిసిందో గౌనుకూ అంతే అంటింది. ముద్ద పైకి లేచి, వణికి, సగం ఒళ్లో పడింది. కిన్నెర ప్రాణం ఊరుకోలేదు, మోచేతిని ఇంకాస్త గట్టిగా ఎత్తి పట్టుకుంది. హంసిని ఆ చేతిని విసురుగా తోసేసింది.

"తియ్యక్కా. నేను తింటున్నా కదా."

నాగరత్నం మొహం చిన్నబోయింది. "మేడం గారిని అట్లా తోస్తారా? ఏమనుకోకండమ్మా, ఉత్త మొండిది."

కిన్నెర కూడా నొచ్చుకుంది. హంసిని ఇద్దరినీ పట్టించుకోలేదు. మోచేతిని బల్లకు ఆనించుకుని మిగిలిన ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ తరువాత ఇంకోటి. కంచం ఖాళీ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"రేపు నెయ్యి ఎక్కువ వెయ్యమ్మా," అంది దర్జాగా. నాగరత్నానికి కళ్లనీళ్లు ఆగలేదు.

హంసిని తోసినప్పుడు చేతికంటిన పప్పు కడుక్కోవడానికి కిన్నెర లేచింది. వసుంధర గారు ఆపారు.

"నన్ను ఇలా తోసేసిన పిల్లల్లో ఒక్కర్నీ నేను మరిచిపోలేదు," అన్నారు గర్వంగా. "అప్పుడే కడుక్కోకు. నీకిది మొదటిది."